ఎర్ర సున్నాలు

దంతవైద్యుడైన తమ్ముడు కొత్తల్లుణ్ణి చూపించినట్టు తెర చూపించాడు. అక్క ఎక్స్‌రేలో ఐదు పళ్ల చుట్టూ ఎర్ర సున్నాలున్నాయి.

"ఐదూ పుచ్చాయక్కా. ఈ ఏఐ చెప్పిందంటే తిరుగులేదు," అంటూ డ్రిల్లు అందుకున్నాడు.

"నాకు నొప్పే లేదు కదరా. మిషను కొన్నరోజు మొట్టమొదట దానికి నీ పళ్లే చూపించావుగా, ఏమంది?"

"ఏడు పుచ్చాయంది."

"ఎన్ని డ్రిల్లు చేయించుకున్నావ్?"

"అబ్బే, అవి ఉత్త నీడలక్కా. అద్దం పెట్టి ఒక్కోటీ చూసుకున్నా. అన్నీ రాళ్లలా ఉన్నాయి," అని గొప్పగా పళ్లికిలించాడు.

అక్క మెడకు కట్టిన తువాలు విప్పి అతని చేతిలో పెట్టింది.

"మహా డాక్టరువి గానీ, నన్నింకా నోరైనా తెరవమన్లేదురా నువ్వు."