మైకులో చెప్పిన మాట

"సెకండాఫ్ సాగదీశాడన్నా. ఫస్టాఫ్ వరకైతే పైసా వసూల్."

"మొన్నటి కత్తుల సినిమా కంటే నయమేగా?"

"దానికంటే మా ఊళ్లో కరెంటు కోత నయం."

జగ్గయ్యపేటలో మ్యాట్నీ అప్పుడే వదిలారు. థియేటర్ గేటు దగ్గర కల్యాణ్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. శుక్రవారం కొత్త బొమ్మ పడిందంటే ఇక్కడో నందిగామలోనో జనం మాట పట్టి యూట్యూబులో పెట్టడం అతని పని.

"బాబాయ్, మీరు చెప్పండి."

"ఈ ఎండాకాలానికి ఇదే బొమ్మ. ఆ కూతురి వేషం వేసిన పిల్ల ఏడిపించేసింది. ఇక క్లైమాక్స్ అయితే..."

"క్లైమాక్స్ చెప్పొద్దు బాబాయ్. చూడనోళ్లు నన్ను తిడతారు."

"చెప్పన్లే. ఏసీ మాత్రం పనిచేయట్లా. అదన్నా చెప్పనీ."

జనం నవ్వారు. వాళ్ల వెనక రోజారమణి పమిట చెంగుతో కళ్లొత్తుకుంటూ నిలబడి ఉంది. రోడ్డుకి అవతల కారులో కూర్చుని ఆమె భర్త భవానీప్రసాద్ ఇటే చూస్తున్నాడు. అతను సినిమాలు చూడడు. "తండ్రీకూతుళ్ల కథంట, నువ్వు చూసిరా. ఏం చెప్పాలో గుర్తుందిగా?" అని ఆమెను ఒక్కదాన్నే లోపలికి పంపాడు.

గుర్తుంది. దారి పొడవునా వల్లె వేయించాడు.

కూతురు నీహారిక, తండ్రి కాదన్న శాంతికుమార్‌ని పెళ్లి చేసుకుని వెళ్లిపోయి ఏడాది దాటింది. నందిగామ బస్టాండులో ఇద్దరూ బస్సెక్కుతుంటే ఎవరో చూశారు. అంతే, మళ్లీ జాడ లేదు. ఫోన్ నంబర్లు మారిపోయాయి. అయితే ఆ పిల్లకి సినిమా పిచ్చి. ఏ ఊళ్లో ఉన్నా మొదటిరోజే చూస్తుంది. చూసొచ్చాక, మనవాళ్లు ఏమన్నారోనని కల్యాణ్ వీడియో పెట్టుకుని పడీపడీ నవ్వుతుంది. కథ తెలిసిపోతుందని ముందు మాత్రం ముట్టుకోదు. ఈ సంగతి రోజారమణి ఓసారి మాటల్లో అంటే భర్త మనసులో పెట్టుకున్నాడు.

ఏడాదిపాటు కూతురి పేరెత్తనివ్వని మనిషి ఈమధ్యే మెత్తబడ్డాడు.

"ఒక్కసారి గడపలోకి రానీ రమణీ. అతన్నీ తీసుకురమ్మను. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. "ఆదివారం జి.కొండూరు నుంచి మా అన్న కొడుకుల్ని రమ్మన్నా. పాలేళ్లని ఆ రోజుకి పనికి రావద్దన్నా. మన ఏడుపులు బయటివాళ్లకెందుకు?"

పోయిన శుక్రవారం నందిగామ తీసుకెళ్లాడు. అది దెయ్యం సినిమా. దానిమీద ఏం చెప్పాలో తోచక మైకు ముందుకు రాగానే ఆమె తప్పుకుంది. కారెక్కాక అతను తలుపు ధడాలున వేశాడు.

ఆమె కోరికల్లా ఒక్కటే. పిల్లని ఒకసారి కళ్లారా చూడాలి.

"పిన్నిగారూ, పోయినవారం తప్పించుకున్నారు. ఈసారి వదలను." కల్యాణ్ మైకు ఆమె ముందు పెట్టాడు.

రోజారమణి గొంతు సవరించుకుని కెమెరాలోకి సూటిగా చూసింది.

"సినిమా చాలా బాగుంది బాబూ. ఇల్లొదిలి వెళ్లిన కూతుర్ని ఆ తండ్రి మళ్లీ ఇంటికి పిలుస్తాడు చూడు, అక్కణ్ణుంచి నాకు ఏడుపు ఆగలేదు. అల్లుణ్ణి కూడా పిలుస్తాడు."

"మీకు బాగా కనెక్టయినట్టుందండి."

"మాదీ అదే కథ. మా ఆయన కూడా మా అమ్మాయిని రమ్మంటున్నారు. కోపమంతా పోయిందంటున్నారు." ఆమె కెమెరాకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "నీహా, నువ్వీ సినిమా చూసే ఉంటావు. మీ నాన్న అచ్చం ఆ తండ్రి లాంటి మనిషే తల్లీ."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ జోకు వేయలేదు.

"అదేంటమ్మా, ఆ తండ్రి..." అంటూ ఇందాకటి బాబాయ్ ముందుకొచ్చాడు.

"క్లైమాక్స్ వద్దన్నానా బాబాయ్" అని కల్యాణ్ మైకు లాగేసుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క కూడా తీసెయ్యకు నాయనా" అని చెప్పి రోజారమణి రోడ్డు దాటింది.

కారు వత్సవాయి దారి పట్టేసరికి వీడియో వచ్చేసింది. భవానీప్రసాద్ బండి పక్కకి ఆపి, భార్య మాట్లాడినంతవరకూ రెండుసార్లు చూశాడు.

"నేను చెప్పమన్నదానికంటే బాగా చెప్పావు. అచ్చం ఆ తండ్రిలాంటి మనిషని... అదెట్లా తట్టింది నీకు?"

"చూస్తుంటే అనిపించిందండి."

"ఇక వస్తుంది. ఆదివారానికి దిగుతుంది చూడు." చాలా రోజుల తర్వాత అతను నవ్వాడు.

రోజారమణి కిటికీ అద్దం వైపు తిరిగింది. బయట పత్తి పీకేసిన చేలు ఎండకి నెర్రెలిచ్చి ఉన్నాయి. కూతురు రాదు. ఈ ఆదివారమే కాదు, తను బతికుండగా ఇక ఆ గడప తొక్కదు. అది తెలిసే చెప్పింది.

సినిమాలో ఆ తండ్రి కూతుర్ని పిలిచింది చంపడానికి.