పాచిబండ

రాజురా దాటాక వార్ధా నది ఒడ్డంతా నిలువు బండలే. ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చిన ఏడే భూమేష్ తన పడవకు మోటారు బిగించి, బావ లస్మన్నను షికారుకు పిలిచాడు. లస్మన్న మురిపెంగా ఎక్కాడు.

బండల మధ్య నీళ్లు కదలని మడుగులో భూమేష్ మోటారు ఆపి లంగరు వేశాడు.

"చాపలుంటయా గిక్కడ?" అంటూ లస్మన్న వంగి చూశాడు.

వెనక నుంచి తెడ్డు వీపు మీద పడింది. రెండో దెబ్బకు నీళ్లలో పడ్డాడు. పడవ అంచు పట్టుకుంటే ఆ వేళ్ల మీదే కొట్టాడు భూమేష్. జుట్టు పట్టి ముంచాడు, ఊపిరాడక కొట్టుకుంటుంటే పైకి లాగాడు.

లస్మన్న నీళ్లూ నెత్తురూ కక్కాడు. "నీకు నేనేం జేసిన్రా?"

"నాకేం జెయ్యలే. ఇంటికాడ ఏమైందని అడిగితే ఏం జెప్తవ్?"

భూమేష్ మళ్లీ ముంచాడు.

"పాచిబండ మీద జారిపడ్డ అను."

"పాచిబండ మీద... జారిపడ్డ."

తడబడకుండా వచ్చేదాకా అనిపించి, లంగరు ఎత్తాడు.

వాకిట్లోనే భూమేష్ అక్క ఎదురొచ్చింది. మొగుడి పగిలిన పెదవినీ వంకరపోయిన వేళ్లనూ చూసింది.

"గిట్లొచ్చినవేంది?"

"పాచిబండ మీద జారిపడ్డ," అన్నాడు లస్మన్న నేల చూస్తూ.

ఆమె తమ్ముడి వైపు చూసింది. ముఖానికి అడ్డం పెట్టుకున్న కొంగు వదిలేసింది. కన్ను కింద చెంపంతా నల్లగా కమిలి ఉంది.

"గా బండ నాకెరుకే," అంది మొగుడితో. "పెండ్లయిన కాంచి దాని మీదనే పడుతున్న."