పాడకుండా దూకడం

"ఇవాళ నువ్వు పాడక్కర్లేదు హ్యాటీ, దూకితే చాలు," అన్నాడు దర్శకుడు పెటిగ్రూ.

బాల్కనీ సెట్టు ఎక్కబోతున్న హ్యాటీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"పాడకుండా ఎలా దూకను సార్?"

"పొద్దున రికార్డు చేశాంగా! ఆ మూల పెట్టిన లౌడ్‌స్పీకరు బాకాలోంచి నీ పాట వస్తుంది. నువ్వు పెదాలు కదుపు. హాలీవుడ్‌లో ఇప్పుడంతా ఇదే పద్ధతి."

రెండు రీళ్ల పాటల హాస్యచిత్రం అది. పాట మధ్యలో బాల్కనీ రెయిలింగు విరగాలి. హ్యాటీ పడిపోవాలి. కింద ఆమె భర్త ఓర్విల్ పరుగున వచ్చి పట్టుకోవాలి. ఊరూరా తిరిగి నాటకాలాడిన రోజుల నుంచీ ఈ పడటాలూ పట్టుకోవడాలే వాళ్ళకి కూడు పెడుతున్నాయి.

"మీ కాళ్ళు పట్టుకుంటా, నన్నే పాడనివ్వండి."

"చూశారా, గొంతు మీద ఎంత మోజో! బాకాలో వచ్చేదీ నీ గొంతే తల్లీ!" అన్నాడాయన. అందరూ పకపకా నవ్వారు.

"పోనీ, మా ఆయనతో ఒక్క మాట చెప్పొస్తా."

"అతను మేకప్ గదిలో ఉన్నాడు. పాట వినగానే తలుపు తోసుకుని వస్తాడు. ఎక్కు, ఎక్కు!"

"కింద పరుపైనా వేయించండి సార్."

"కెమెరాలో కనబడదూ? ఇన్నేళ్ళలో మీ ఆయన నిన్నెప్పుడైనా వదిలేశాడా?"

వదల్లేదు. కానీ పొద్దున కాఫీ దగ్గర మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు. ఈ దూకుళ్ళు ఇక మానేద్దామని ఆమె, మానేస్తే తిండెవడు పెడతాడని అతను. ఆ గొడవ ఇక్కడ ఎవరి చెవిన పడినా రేపటి నుంచి ఇద్దరికీ పనుండదు. హ్యాటీ మెట్లెక్కింది.

దీపాలు భగ్గుమన్నాయి. బాకా పాట అందుకుంది. తలుపు తోసుకుని ఓర్విల్ వచ్చాడు, చేతులు చాచాడు, బాల్కనీ కిందికి కాక తిన్నగా బాకా ఉన్న మూలకి పరుగెత్తాడు!

"పెళ్ళాన్ని ఏడిపిస్తున్నాడ్రోయ్!" అని అరిచాడు దీపాలవాడొకడు. ఘొల్లుమన్నారంతా.

హ్యాటీకి పైప్రాణాలు పైనే పోయాయి. కింద గచ్చు నేల. అప్పటికే రెయిలింగు విరగడానికి కట్టిన తాడు లాగేశారు. రెయిలింగు ఫెళ్ళున ఒరిగింది. ఆమె దాన్ని రెండు చేతులా కరుచుకుని వేలాడింది. వేళ్ళు జారుతున్నాయి.

ఇక పెటిగ్రూ లేడు, పద్ధతీ లేదు. గొంతు చించుకుని పాడింది. అది పాటో ఏడుపో ఆమెకే తెలియలేదు.

ఓర్విల్ గిరుక్కున తిరిగాడు. కుర్చీని గుద్దుకుని, పూలకుండీని తన్నుకుని, పడుతూ లేస్తూ వచ్చాడు. ఆమె పట్టు వదిలేసరికి చేతులు అక్కడున్నాయి. ఇద్దరూ కలిసి నేల మీద దొర్లారు.

"అదిరింది! ఆ మూలకి పరుగు, ఆ కుర్చీ, ఆ కుండీ!" పెటిగ్రూ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "కట్ చెప్పను. అలాగే కెమెరా వైపు తిరిగి ఒక్క నవ్వు నవ్వండి!"

ఓర్విల్ భార్య మొహమంతా వేళ్ళతో తడిమి, దెబ్బలేమీ తగల్లేదని తేల్చుకుని, "కెమెరా ఎటుందే?" అని ఆమె చెవిలో అడిగాడు.