చప్పుడు లేని హాలు

"ఆ కుళాయి మళ్ళీ కారేలా చెయ్యండమ్మా," అన్నాడు ఫోన్లో పాటల సంఘం కార్యదర్శి.

లీడరమ్మ తను విన్నది నిజమేనా అని ఫోను వైపు చూసింది. ఆ బిరుదు తోటి విద్యార్థులిచ్చిందే. నలుగురి జట్టు, చివరి ఏడాది ప్రాజెక్టు. ఏదో ఒక సంఘం హాలులో నీళ్ళూ కరెంటూ ఆదా అయ్యేలా చెయ్యాలి. శుక్రవారంలోగా ఆ సంఘం 'మాకు తృప్తిగా ఉంది' అని ఉత్తరం ఇవ్వకపోతే నలుగురూ ఫెయిలే.

సెలవుల్లో హాలు మూసి ఉంది. ఎదురింటి వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని పది రోజులు పగలంతా ఒళ్ళు హూనం చేసుకున్నారు. గుమ్మం పక్కన టపటపా కారే కుళాయికి కొత్త వాషరు వేశారు. వేదిక మెట్ల పైన కిర్రుమనే ఫ్యాను పీకేసి, కరెంటు తక్కువ తాగేది బిగించారు. వెనకమూల గుర్రుపెట్టే ముసలి ఫ్రిజ్‌ని కార్యదర్శి సరేనన్నాకే తుక్కుకి పంపారు. లైట్ల జోలికి పోవలసిన పనే పడలేదు, అవి కొన్ననాటిలా ఉన్నాయి. గోడల నిండా 'నీరు పొదుపు చేయండి' అని రంగురంగుల పోస్టర్లు అంటించారు.

సెలవులు అయిపోయాయి. మెచ్చుకుంటారని ఎదురుచూస్తే ఫిర్యాదులు మొదలయ్యాయి. సోమవారం ఫ్యాను గురించి, మంగళవారం ఫ్రిజ్ గురించి, ఇవాళ కుళాయి. రాత్రుళ్ళు కూర్చుని వేసిన పోస్టర్ల గురించి మాత్రం ఒక్కరూ ఒక్క ముక్క అనలేదు.

"అంత మంచి ఫ్యాను సార్, చప్పుడే ఉండదు!"

"అదేనమ్మా గొడవ. నిన్న మా వయొలిన్ మాస్టారు మెట్ల మీంచి పడ్డారు."

"ఫ్యానుకీ మెట్లకీ ఏంటి సార్ సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతారేంటి?"

"అదేంటమ్మా! మా సంగతి తెలిసే కదా మీరొచ్చింది?"

"తెలుసు సార్. పాత సామానంటే మీకు మమకారం," అంది పళ్ళు బిగించి.

అవతల ఫోను పెట్టేశారు.

"మంచికి పోతే చెడెదురైంది. ఆ వాషరేదో పీకేద్దాం, ఉత్తరం వస్తుంది," అన్నాడు జట్టులోని పొడుగోడు.

"చస్తే పీకను!"

గురువారం సాయంత్రం ఏడింటికి, ఉత్తరం చేతిలో పడందే కదలకూడదనుకుని ఒక్కతే వెళ్ళింది. హాలు కిటికీలన్నీ చీకటి. లోపల పాట మాత్రం జోరుగా సాగుతోంది. అంటే, ఆదా చెయ్యమన్నందుకు ఇది ఎత్తిపొడుపన్నమాట! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దవాళ్ళకి ఇంత పంతమా అనుకుంటూ తలుపు తోసి, తడుముకుని స్విచ్చులన్నీ నొక్కింది.

లైట్లు ఒక్కసారిగా వెలిగినా పాడుతున్న ఇరవై మందిలో ఒక్కరి కనురెప్పా కదల్లేదు, ప్రతి కుర్చీకీ ఒక తెల్లకర్ర ఆనించి ఉంది.