క్లచ్చి లేని కారు

కూలి వద్దన్నాడు. అక్కడే ఎలిశబెతమ్మకు అనుమానం పుట్టింది.

"పూటకింత అన్నం పెట్టండమ్మా, చాలు. గేరుపెట్టె బాగుచేసి పోతా," అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ మనిషి.

మాసిన గడ్డం, భుజాన గోనెసంచి. పేరు పోలేరయ్య అన్నాడు. ఏ ఊరంటే, "మద్రాసులో షెడ్డులో పనిచేసినా" అన్నాడు.

ఊరడిగితే షెడ్డు చెప్పేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

అల్లూరు మిషను బంగళా వసారా పక్కన ఆ కారు ఏడాదికి పైగా పడి ఉంది. అమెరికా డాక్టరమ్మది. దానికి క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. ఓ రోజు దారిలో నిలబడిపోతే ఎద్దులు కట్టి లాక్కొచ్చారట. తర్వాత డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయింది. కొత్తగా ఈ ఊరొచ్చిన పాస్టరు కృపాదానానికి బంగళాతో పాటు కారూ దక్కింది. నెల్లూరు మేస్త్రీలు కిందికి దూరి చూసి, దండం పెట్టి పోయారు.

పాస్టరు గారి భార్య ఎలిశబెతమ్మకు ఆ కారు కావాలి. కూతురు ఎస్తేరుకు నెలలు నిండాయి. తొలి కాన్పుకు ఎద్దులబండిలో తీసుకుపోతుంటే బిడ్డ దారిలోనే పోయింది. ఈసారీ బండే గతి అనుకుంటే ఆమెకు కంటిమీద కునుకు లేదు.

అందుకే సరేనంది. సరేనంది కానీ కాపలా మాత్రం మానలేదు.

పోలేరయ్య ఇద్దర్ని సాయం పట్టి గేరుపెట్టె దించాడు. వసారాలో దుప్పటి పరిచి, ఒక్కో ముక్కా విప్పి, కిరసనాయిల్లో కడిగి, విప్పిన వరసలోనే పేర్చాడు. అరిగిన బిళ్లలు పక్కన పెట్టి, గోనెసంచిలోంచి కొత్తవి తీశాడు.

"ఈ కారుకు ఇయ్యే కావాలని నీకెట్ట తెలుసు?" అంది ఎలిశబెతమ్మ.

"తెలుసుకొనే వచ్చినానమ్మా."

ఆ జవాబు ఆమెకు మింగుడుపడలేదు.

"ఎవడో దొంగే. సామాను మూటగట్టుకోని ఉడాయిస్తాడు," అని మొగుడి చెవిలో ఊదింది.

"విప్పిన ఇనుము ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడు? ప్రార్థన చేసుకో," అన్నాడు కృపాదానం.

ఆయనకు లోకంలో అందరూ మంచివాళ్లే. అదీ ఆమె బాధ.

ఓ మధ్యాహ్నం పోలేరయ్య కారు వెనక తలుపు తీసి, సీటు మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నీ పని ముందర కదా. ఆడేం వెతుకుతుండావు?"

"ఏం లేదమ్మా," అని తలుపు మెల్లిగా వేశాడు.

ఇక ఆమె ఊరుకోలేదు. అతను అన్నానికి కూర్చున్నప్పుడు దుప్పటి మీంచి ఓ చిన్న స్ప్రింగు తీసి, పిడికెడు బియ్యం కుండలో దాచింది. పూటపూటా వండే ముందు దేవుడికని ఓ పిడికెడు తీసి వేసే కుండ అది. ఆదివారం చర్చికి పోయేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ముక్క తక్కువైన సామాను ఎట్టా అమ్ముకుంటాడో చూద్దాం అనుకుంది.

శనివారం పొద్దున ఎస్తేరుకు నొప్పులు మొదలయ్యాయి.

పోలేరయ్య అప్పటికే గేరుపెట్టె ఎక్కించాడు. కారు కింద నుంచి మొహం బయటపెట్టాడు. అది పాలిపోయి ఉంది.

"ఒక స్ప్రింగు కనపడలా అమ్మా. నిన్నట్నించి ఇసకంతా జల్లించినా. అదొక్కటి పెడితే కారు కదులుద్ది."

లోపల ఎస్తేరు కేక పెట్టింది.

ఎలిశబెతమ్మ వంటింట్లోకి పరుగెత్తి కుండ బోర్లించింది. స్ప్రింగు తెచ్చి అతని చేతిలో పెట్టింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

దానికి అంటిన తవుడు చూశాడు పోలేరయ్య. పంచె అంచుతో తుడిచి, మళ్లీ కిందికి దూరాడు. గేరుపెట్టె అడుగు పళ్లెం బిగించి, వెంట తెచ్చిన ఎర్రటి గేరునూనె పోశాడు.

కారు కదిలింది. అతనే నడిపాడు. గతుకుల దగ్గర నెమ్మదించాడే గానీ, నెల్లూరు దాకా ఎక్కడా ఆపలేదు.

ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఎలిశబెతమ్మకు ఏడుపు ఆగలేదు. ఆ మనిషి కాళ్లు పట్టుకొనైనా క్షమించమని అడగాలని బయటికొచ్చింది. కారు నీడన ఆగి ఉంది. తాళంచెవి కృపాదానం చేతిలో ఉంది.

"వెళ్లిపోయినాడు. అన్నం తిని పొమ్మన్నా వినలా," అన్నాడాయన.

"ఎవరో ఏమో, ఊరు కూడా చెప్పలా," అంది ఎలిశబెతమ్మ.

వరండాలో ముసలి నర్సు రెబెక్కమ్మ కారు వంకే చూస్తూ ఉంది. ఒకప్పుడు డాక్టరమ్మ వెంట ఊళ్లు తిరిగిన మనిషి ఆమె.

"ఇసకపల్లి పాళెంలో వలేసుకొనే మనిషమ్మా," అంది. "ఆ పొద్దు ఈ కారు దారిలో నిలబడిపోతే, నొప్పులు పడతా లోపలే పోయింది ఆయన పెళ్లాం. ఆమెను పూడ్చిపెట్టి, ఈ గేరుపెట్టె బాగుచేసేది నేర్చుకునేదానికే మద్రాసు పోయినాడు."