ఇంత నిప్పు

"బిడ్డా, ఇంత నిప్పు ఇయ్యి."

గడపలో ఎవరో ముసలామె. చేతిలో పొడుగు కాడ ఉన్న ఇనుప గరిటె. సాయవ్వ ఆమెను ఎన్నడూ చూసి ఎరగదు.

"నిప్పు లేదవ్వా. పొయ్యి ముట్టియ్యలే."

ఆ మాట అబద్ధం కాదు. భర్త నర్సింలు చలిజ్వరంతో పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి రాజలేదు. దినాలు అయ్యేదాకా చుట్టాలూ ఇరుగుపొరుగూ వండి తెచ్చారు. ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్లది. నిజాంసాగర్ నీళ్లొచ్చాక బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరుకే. ఊరంతా కోత పనిలో పడింది. సాయవ్వ మాత్రం గోడకు ఆనుకొని కూర్చుంది. పసిపిల్ల, కూతురు గోదావరి పక్కింట్లో ఇంత గంజి తాగి, చెరుకు ముక్క నమిలి పడుకుంటోంది.

అది చూసి సాయవ్వకు బాధ కలగాలి. కలగలేదు. భర్త పోయిన రోజు కూడా ఏడుపు రాలేదు. చేతులూ కాళ్లూ తనవి కానట్టే ఉన్నాయి.

భీమ్‌గల్ నుంచి వచ్చిన అన్న భూమన్న ఖరాఖండిగా చెప్పి పోయాడు.

"మంగళారం సంతకు మల్లొస్త చెల్లె. గప్పటికి గూడ గిట్లనే ఉంటే పిల్లను తోల్కపోత. కండ్ల ముంగట ఎండబెట్టి సంపుతవా?"

సాయవ్వ తల ఊపింది. అంతే.

ఇప్పుడు ఈ ముసలామె.

"లేకుంటే ముట్టియ్యి బిడ్డ. నాకేం తొందర్లే," అంటూ గడప మీదే చతికిలబడింది.

"మా ఇంట్ల సావైంది. మా నిప్పు ఎవ్వలు కొంచవోరు."

"నిప్పుకేం ఎరుకనే సావు, బతుకు? గూట్లె అగ్గిపెట్టె గనవడ్తనే ఉన్నది."

అది నర్సింలు అగ్గిపెట్టె. బీడీ కోసం పెట్టుకున్నది. ఇన్నాళ్లూ సాయవ్వ దాన్ని ముట్టలేదు. ముసలామె చూస్తే కదిలేలా లేదు. ఈ పీడ పోతే చాలనుకుని లేచింది. పుల్ల గీసింది. ఎండిన చెరుకాకు భగ్గున అంటుకుంది.

"తీస్కో అవ్వా."

"మంటను కొంచవోతనా? కట్టె కాలి నిప్పు కావాలె గద. అందాంక మంట ఊకెనే పోతది, ఇంత ఎసరు పెట్టరాదు?"

వదిలితే ఇల్లంతా అలికించేలా ఉంది. సాయవ్వ కుండ పెట్టింది. ఎసరు మరిగింది. మరిగాక జొన్నరవ్వ పోయక ఏం చేస్తుంది? గటక వాసనకు గోదావరి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

ముసలామె గరిటెలో ఇంత నిప్పు వేసుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

"నివురు గప్పి పెట్టరాదు? రోజు పుల్ల గీసుడేంది, దండగ," అని కోప్పడింది కూడా.

అడుక్కునే మనిషికి ఇంత దబాయింపేమిటో సాయవ్వకు అర్థం కాలేదు. అయినా పొద్దున్నే లేచి పొయ్యి కదపడం అలవాటైంది. నిప్పు ఉన్నాక కట్టె కావాలి. కట్టె కోసం బయటికి నడిచింది. నడిచిన మనిషిని చూసి చెరుకు కోతకు పిలిచారు. పోయింది.

ఒక పూట తనంతట తనే అంది.

"అవ్వా, నాకు ఏడుపొస్తలేదే. మనిషినేనా నేను?"

"రాకుంటే రాకపాయె. వచ్చినప్పుడే వస్తది. ముందుగాల గా గటక అడుగంటుతున్నది సూడు."

మంగళవారం భూమన్న వచ్చాడు. గోదావరి గిన్నె నాకుతోంది. అతను పొయ్యి వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. తను కూడా ఇంత గటక తిని బండెక్కాడు. పిల్ల తల్లి దగ్గరే మిగిలింది. సాయవ్వకు ఏదో తేలికగా అనిపించింది. సంతోషమని మాత్రం అనలేం.

ఆ తర్వాత ముసలామె రావడం మానేసింది.

మొదట సాయవ్వ పట్టించుకోలేదు. తర్వాత పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా గడప వైపు చూడసాగింది. పాపం, ఇంట్లో నిప్పు లేక ఏం తింటోందో! పేరైనా అడగలేదు. బండ్ల అడ్డ దిక్కు కొత్తగా దిగినవాళ్లమని ఎప్పుడో అన్నట్టు గుర్తు.

ఒక పిడక మీద నిప్పు పెట్టుకుని, గోదావరిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

చెరుకు బండ్లు ఆగేచోట నీళ్ల బిందెతో ఒకామె ఎదురైంది.

"అక్కా, ఇనుప గరిటె పట్టుకొని తిరుగుతది, ఒక ముసలామె..."

"సత్తవ్వనా? పాయె గదనే. నిన్ననే దినాలు గూడ అయినయ్. అగో, గా యాపచెట్టు కింది ఇల్లే."

పిడక చేతిలో పొగలు కక్కుతోంది. సాయవ్వ నడిచింది.

ఇంటి ముందు విరిగిన బండి చక్రాలు, వాటి ఇనుప కమ్ములు. పందిరి కింద దాగలి, సుత్తెలు, తోలుతిత్తి. మధ్యలో ఇంత పెద్ద కొలిమి, అందులో చల్లని బూడిద. పక్క గోడకు ఆ గరిటె వేలాడుతోంది.

సాయవ్వ కాళ్లు ఆగిపోయాయి. ఎన్నాళ్లకో కళ్లు మండాయి.

కొలిమి పక్కన కూర్చున్న సత్తవ్వ కొడుకు రాజలింగు, పిడకను చూసి లేచాడు.

"మంచిగొచ్చినవ్ అక్కా. అవ్వ పోయిన్నాడు కొలిమి సల్లార్చినం, ఇయ్యాల మల్ల రాజెయ్యాలె. మాది పుల్ల గీసి ముట్టిచ్చే కొలిమి గాదు. గా నిప్పు ఇటియ్యి, నీకు పున్నెముంటది. పొద్దుగాల సంది ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు. యాడ దిగినా వాడ వాడంత మా అవ్వ తాన నిప్పు కొంచవోవుడే గని, మా ఇంట్ల ఎవ్వలం ఇంకొకరి గడపకు నిప్పు కోసం పోయి ఎరగం."