రోజుకు నాలుగు స్క్రూలు

“మళ్ళీ నాలుగేనా?” అన్నాడు ఇనప సామాన్ల కొట్టు యజమాని, తల ఎత్తకుండానే.

“నాలుగే బాబూ. తుప్పు పట్టని స్టీలువి. స్టార్ తలవి.”

నెల రోజులుగా వస్తున్నాడు ముసలాయన. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉంటాడు. కొట్టులో అందరికీ ఆయన నాలుగు స్క్రూల తాత.

“ఈ మామూలు ప్లస్ తలవి తీసుకోరాదూ? బయటికి కూడా ఇవే చాలు.”

“వానకు ఆగవు బాబూ. పైగా గట్టిగా తిప్పితే గాడి అరిగి, పట్టు జారిపోతుంది. స్టార్ అయితే స్క్రూడ్రైవరు మొన అందులో గట్టిగా కూర్చుంటుంది. నా చేతిలో ఇక బలం లేదు.”

“ఇంతకీ ఏం కడుతున్నావు తాతా, రోజుకు నాలుగింటితో? రాజభవనమా?”

“నా చేతికి రోజుకు నాలుగే అవుతాయి,” అని నవ్వాడాయన.

యజమానికి నవ్వు రాలేదు. పొద్దుటి నుంచీ నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ఎవరో అడగడం, తను తీసి ఇవ్వడం, ఎనిమిదేళ్ళుగా ఇదే. ఎవరికి ఏమిచ్చాడో, ఏం చెప్పాడో సాయంత్రానికి గుర్తుండదు.

అంతలో బడి నుంచి యజమాని కూతురు వచ్చింది. కాలవ మీది చెక్క వంతెన దాటి రావాలి. పిల్ల కంటబడేదాకా రోజూ యజమాని ప్రాణం ప్రాణంలో ఉండదు.

“వంతెన ఇప్పుడు కదలట్లేదు నాన్నా. మనవైపు చివరి చెక్క ఒక్కటే లేస్తోంది.”

యజమాని చెవికి చివరి మాటే ఎక్కింది.

“ఎవడు కట్టాడోగానీ, వాడి చేతులు పడిపోను,” అన్నాడు ముసలాయనతో. “ఎనిమిదేళ్ళకే స్క్రూలన్నీ తుప్పు పట్టి ఊడిపోతున్నాయి. పిల్లలు నడిచే దారి.”

ముసలాయన తన చేతులవంక చూసుకున్నాడు.

“నిజమే,” అన్నాడు.

మర్నాటికి విడి స్క్రూలు అయిపోయాయి. అటక మీది కొత్త పెట్టె దింపే ఓపిక లేదు యజమానికి.

“ఇవాళ లేవు తాతా. రేపు రా.”

“ఆఖరి నాలుగు బాబూ. ఇక అడగను.”

“రేపు రమ్మన్నానుగా.”

ముసలాయన మర్నాడు రాలేదు. వారమంతా రాలేదు.

ఎనిమిదో రోజు వానలో ఒక ముసలావిడ కొట్టు మెట్లెక్కింది. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, పిడికి గుడ్డ చుట్టి ఉంది. రెండో చెయ్యి యజమాని కూతురు పట్టుకుని ఉంది.

“ఈ మామ్మ నాలుగు రోజులుగా చివరి చెక్క దగ్గర నిలబడి మమ్మల్నందర్నీ దాటిస్తోంది నాన్నా.”

“నాలుగు స్క్రూలు కావాలి,” అందావిడ. “మీ దగ్గర రోజూ కొనే మా ఆయన పోయి ఆరు రోజులైంది. ఆ ఒక్క చెక్కా మిగిలిపోయిందని ఆఖరిదాకా అదే ధ్యాస.”

యజమాని కొత్త పెట్టె దింపాడు. మూత విప్పాడు.

“వంతెన బాగుచేస్తున్నది ఆ తాతేనా? ఎవడో చేసిన తప్పుకు ఆయనెందుకు…”

“కట్టింది ఆయనే బాబూ.”

ఆవిడ నాలుగు స్క్రూలూ ఏరుకుని కొంగున ముడేసుకుంది.

“కట్టినవాణ్ణి ఊరంతా తిట్టినా పడ్డాడు గానీ, ‘బయటికి కూడా ఇవే చాలు’ అని ఆనాడు ఆ స్క్రూలిచ్చింది మీరేనని నన్ను నోరెత్తనివ్వలేదు. ‘కొత్తగా కొట్టు పెట్టుకున్నాడు, ఒళ్ళో పసిపిల్ల ఉంది, పేరు పోతే ఎలా బతుకుతాడే’ అనేవాడు.”